అంతస్తుల మధ్య శబ్దం, వేడి – నివారణ మార్గాలు

– ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం), మన హాస్టల్ పూర్వ విద్యార్థి

గుడిసెల్లో, పెంకుటిళ్ళలో పుట్టి పెరిగిన మనలో చాలామందికి నెత్తిమీద ఇంకో మనిషి నడుస్తుంటే ఎలా ఉంటుందో హాస్టల్‌కు వచ్చాకే తెలుస్తుంది. ఊళ్ళో మన ఇంటి కప్పు మీద వాన చప్పుడో, పిల్లి నడిచిన చప్పుడో తప్ప ఇంకేమీ వినపడదు. రెండంతస్తుల హాస్టల్లో అలా కుదరదు. పైన ఒకడు ట్రంకు పెట్టె లాగితే కింద స్టడీ అవర్‌లో అందరి తలలూ పైకి లేస్తాయి.

మన కుటుంబాలు కూడా ఇప్పుడు అంతస్తుల ఇళ్ళలోకి మారుతున్నాయి. హైదరాబాదు దగ్గర కొల్లూరులో 2023లో ప్రారంభించిన రెండు పడకగదుల ఇళ్ళ సముదాయంలో 15,660 ఇళ్ళున్నాయి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో టిడ్కో ఇళ్ళను గ్రౌండ్ ఫ్లోరు, దానిపైన మూడు అంతస్తులుగా కట్టారు. ఊళ్ళో ఒక్క గది స్లాబు ఇల్లు కట్టుకున్నవాళ్ళు కొడుకు పెళ్ళి కాగానే పైన ఇంకో గది వేస్తున్నారు. ఇలా ఒకరి నేల ఇంకొకరి కప్పు అయినప్పుడు శబ్దం, వేడి ఎలా ప్రయాణిస్తాయి, వాటిని ఎలా ఆపాలి అనే విషయాలను మన హైస్కూలు సైన్సు పాఠాల సాయంతోనే తెలుసుకుందాం.

చప్పుడుకూ చదువుకూ సంబంధం ఏమిటి?

"చప్పుడు అలవాటైపోతుంది లే, దానికింత చర్చ ఎందుకు?" అని కొందరంటారు. న్యూయార్క్ నగరంలోని ఒక పాఠశాలలో జరిగిన పరిశోధన దీనికి మంచి జవాబు. ఆ బడి పక్కనే ఎత్తయిన వంతెన మీద రైళ్ళు నడిచేవి. పట్టాల వైపు గదుల్లో చదివే పిల్లలను, అదే బడిలో అవతలి వైపు ప్రశాంతంగా ఉండే గదుల్లో చదివే పిల్లలను ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పోల్చి చూశారు. 1975లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఆరో తరగతికి వచ్చేసరికి పట్టాల వైపు పిల్లలు చదవడంలో దాదాపు ఒక ఏడాది వెనకబడి ఉన్నారు. ఆ తరువాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు. బాగా చప్పుడొచ్చే గదుల పైకప్పుకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు బిగించారు. 1981లో వెలువడిన రెండో పరిశీలనలో రెండు వైపుల పిల్లల మధ్య ఆ తేడా కనిపించలేదు.

బడి అదే, రైళ్ళు అవే. మారింది చప్పుడు మాత్రమే. కాబట్టి చదువులో వెనకబడ్డవాణ్ణి 'మొద్దు' అనే ముందు వాడు ఎక్కడ కూర్చుని చదువుతున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిద్రపోయే గదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్, తరగతి గదిలో 35 డెసిబెల్స్ దాటకూడదు. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. డెసిబెల్ లెక్కలో 10 పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లు అవుతుంది, 20 పెరిగితే 100 రెట్లు అవుతుంది అని గుర్తుంచుకోండి.

శబ్దం రెండు దారుల్లో వస్తుంది

1. గాలి ద్వారా వచ్చే శబ్దం: మాటలు, పాటలు, టీవీ, సెల్‌ఫోను మోత. ఇవి ముందు గాలిని కంపింపజేస్తాయి. ఆ గాలి వచ్చి స్లాబును, గోడను తాకుతుంది.

2. దెబ్బ ద్వారా వచ్చే శబ్దం: అడుగుల చప్పుడు, మంచం జరపడం, రోట్లో దంచడం, స్టీలు పళ్ళెం పడిపోవడం. ఇక్కడ మధ్యలో గాలి లేదు. దెబ్బ నేరుగా స్లాబుకే తగులుతుంది. స్లాబే డప్పులా మోగుతుంది.

ఘనపదార్థాల్లో శబ్దం గాలిలో కన్నా వేగంగా పోతుందని చదువుకున్నాం. 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గాలిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. కాంక్రీటులో అది 3,000 మీటర్ల పైమాటే. అయితే అసలు చిక్కు వేగంతో కాదు. కాంక్రీటు గట్టి పదార్థం, దానిలో పుట్టిన కంపనం త్వరగా చల్లారదు. స్లాబు నుంచి దూలంలోకి, దూలం నుంచి గోడలోకి పాకుతుంది. అందుకే పై గది మూలలో మేకు కొడితే కింద మూడో గదిలో కూడా వినపడుతుంది. గోడలు, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటుతో పోసే షియర్‌వాల్ కట్టడాల్లో ఇలాంటి చప్పుడు మరింత సులువుగా పాకుతుంది.

ఈ తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం. మీ చెవిని చెక్క బల్లకు ఆనించి, బల్ల రెండో చివర గోటితో మెల్లగా గీకమని స్నేహితుడికి చెప్పండి. స్పష్టంగా వినిపిస్తుంది. ఇప్పుడు చెవి పైకెత్తి అదే గీకుడు వినండి. దాదాపు వినపడదు.

స్లాబు రాసే రెండు పరీక్షలు

గాలి శబ్దాన్ని ఆపేది ముఖ్యంగా బరువు. చదరపు మీటరు బరువు రెట్టింపు అయితే, అడ్డుకునే శక్తి సుమారు 5 నుంచి 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 5 అంగుళాల ఆర్.సి.సి. స్లాబు చదరపు మీటరుకు 310 కిలోల బరువుంటుంది. సిమెంటు రేకు అయితే పది, పదిహేను కిలోలే. రేకుల షెడ్డులో బయటి మాటలన్నీ వినపడటం, స్లాబు కింద పైవాళ్ళ మాటలు వినపడకపోవడం ఈ కారణం వల్లనే. స్లాబు సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది. పైన 60 డెసిబెల్స్‌తో మాట్లాడితే కిందికి చేరేది 10 డెసిబెల్స్. అంత చిన్న శబ్దం మన చెవికి తెలియదు.

దెబ్బ శబ్దం కొలవడానికి ఒక యంత్రం ఉంది. అందులో అరకిలో బరువున్న ఐదు సుత్తులు 4 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సెకనుకు పది దెబ్బలు నేలమీద వేస్తుంటాయి. కింది గదిలో వినిపించేది కొలిచి ఆ నేలకు ఒక అంకె ఇస్తారు. అమెరికాలో అపార్టుమెంట్ల అంతస్తులకు ఈ రెండు పరీక్షల్లోనూ 50 రావాలని నియమం పెట్టారు. 6 అంగుళాల కాంక్రీటు స్లాబు మాటల పరీక్షలో 50 దాటుతుంది. పైన ఏమీ పరవని అదే స్లాబు అడుగుల పరీక్షలో 30 దగ్గరే ఆగిపోతుంది. దాని మీద మెత్తతో కూడిన తివాచీ పరిస్తే 60 కూడా దాటగలదు.

ఈ వ్యాసం మొత్తంలో గుర్తుంచుకోవాల్సిన మాట ఇదే. మాటలను ఆపడానికి బరువు కావాలి. అడుగులను ఆపడానికి మెత్తదనం కావాలి, అది కూడా దెబ్బ తగిలే చోటే ఉండాలి. చప్పుడు స్లాబులోకి దిగాక కింద ఎంత ఖర్చు పెట్టినా సగం ఫలితమే. న్యూయార్క్ బడిలోనూ రబ్బరు మెత్త పట్టాల కిందే వేశారు.

కన్నం చిన్నదే, నష్టం పెద్దది

ఎంత బరువైన స్లాబు ఉన్నా సందు ఉంటే శబ్దం దాని గుండా వచ్చేస్తుంది. గది అడ్డు వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉందనుకుందాం. అంటే వందో వంతు శబ్దం నేరుగా దిగుతుంది. వందో వంతు అంటే 20 డెసిబెల్స్ తగ్గుదల. మిగతా భాగం 50 ఆపినా, 60 ఆపినా, మొత్తం మీద 20కి మించి ఫలితం రాదు. బాత్‌రూం పైపుల చుట్టూ వదిలేసిన కన్నాలు, కరెంటు పైపు కోసం పగలగొట్టిన రంధ్రాలు, తలుపు కింది సందు, మెట్ల గది ఈ లెక్కలోకే వస్తాయి. పైపు చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటు మాలుతో గానీ సీలెంటుతో గానీ పూర్తిగా నింపాలి. పైపు గోడకు తగిలే క్లాంపుల దగ్గర రబ్బరు పట్టీ చుట్టాలి.

కిటికీలు కూడా పెద్ద కన్నాలే. పై కిటికీ నుంచి బయటికి వచ్చిన మాట కింది కిటికీలోంచి లోపలికి వస్తుంది. మన ఎండలకు కిటికీలు మూసుకుని ఉండలేం. కాబట్టి మాటల విషయంలో మన చేతిలో ఉన్నది గొంతు తగ్గించడమే.

ఇల్లు కట్టేటప్పుడు

పైన గది వేసే ఆలోచన ఉన్నవాళ్ళు గచ్చు చేయక ముందే ఈ పని చేసుకోవాలి. దీనిని తేలే నేల అనవచ్చు. పద్ధతి ఇది:

1. స్లాబును శుభ్రంగా ఊడ్చి, రాళ్ళు, మాలు ముద్దలు లేకుండా చదును చేయాలి.

2. దాని మీద రబ్బరు షీటు, కార్కు, ఈ పని కోసమే తయారయ్యే ఫోము షీటు, వీటిలో ఏదో ఒకటి సందు లేకుండా పరవాలి.

3. అదే షీటు ముక్కను గోడ అంచుల వెంట నిలువుగా పెట్టాలి.

4. పైన పాలిథిన్ కాగితం పరచి, సుమారు 2 అంగుళాల కాంక్రీటు పొర వేసి, ఆ తరువాత టైల్స్ వేసుకోవాలి.

ఇక్కడ ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. పై పొర ఎక్కడా గోడను గానీ, కింది స్లాబును గానీ నేరుగా తాకకూడదు. ఒక్క చోట మాలు జారి గోడకు అంటుకున్నా, టైల్స్ స్కర్టింగు నేలకు గట్టిగా అతుక్కున్నా, అక్కడ శబ్దానికి వంతెన కట్టినట్టే. చేసిన ఖర్చంతా ఆ వంతెన దగ్గర పోతుంది. మేస్త్రీకి ఈ సంగతి ముందే చెప్పి, పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోవాలి.

రెండో జాగ్రత్త బరువు గురించి. 2 అంగుళాల కాంక్రీటు పొర చదరపు మీటరుకు 100 కిలోల పైనే తూగుతుంది. మామూలుగా ఇళ్ళ గదుల స్లాబులను మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోసేలా లెక్కగడతారు. పాత స్లాబు మీద అదనంగా ఇసుకో, కాంక్రీటో వేయాలంటే ఇంజనీరును అడగకుండా వేయకూడదు. నిశ్శబ్దం కోసం పోయి స్లాబుకు ముప్పు తెచ్చుకోకూడదు కదా.

కింది గదిలో ఫాల్స్ సీలింగు వేస్తే చప్పుడు పోతుందా అని చాలామంది అడుగుతారు. కొంత తగ్గుతుంది. స్లాబుకు, సీలింగు పలకకు మధ్య ఖాళీ వదిలి, అందులో గ్లాసు ఊలు పరచి, పలకను రబ్బరు ఉన్న కొక్కేలతో వేలాడదీస్తే ఫలితం బాగుంటుంది. గ్లాసు ఊలు ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. అయినా గోడల వెంట దిగే చప్పుడును సీలింగు ఆపలేదు.

బరువు, మెత్తదనం అనే రెండు సూత్రాలు కొత్తవేమీ కావు. రాయలసీమలో పాత మిద్దెలకు దూలాలు, దంతెలు పరచి పైన మందంగా మట్టి వేసేవారు. ఆ మట్టి బరువుతో మాటను ఆపుతుంది, పొడి రేణువుల మధ్య రాపిడితో కంపనాన్ని చల్లారుస్తుంది. స్కాట్లండ్‌లో పాత అంతస్తుల ఇళ్ళ చెక్క నేలల మధ్య బూడిద నింపేవారు. దేశం వేరైనా చేసిన పని ఒకటే.

హాస్టల్లో, అద్దె గదిలో

కట్టేసిన భవనాన్ని మనం పగలగొట్టలేం. అయినా తక్కువ ఖర్చుతో చేయగలిగినవి చాలా ఉన్నాయి.

• ఇనుప మంచాల కాళ్ళకు, కుర్చీల కాళ్ళకు రబ్బరు బుష్‌లు తొడగాలి. అవి దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు ముక్కను రెండు మూడు మడతలు వేసి గట్టిగా కట్టాలి.

• ట్రంకు పెట్టె కింద పాత గోనె సంచి మడిచి వేయాలి. పెట్టెను లాగకుండా ఇద్దరు కలిసి ఎత్తి పెట్టాలి.

• మిక్సీ, గ్రైండర్, కుట్టు మిషన్ కింద మందపాటి రబ్బరు మ్యాటు వేయాలి. వాటిని గోడకు ఆనించకూడదు.

• ఎక్కువగా నడిచే దారిలో జంపఖానా గానీ పాత దుప్పటి గానీ నాలుగు మడతలు వేసి పరవాలి.

• తలుపు చట్రానికి రబ్బరు పట్టీ అంటిస్తే దబాలున మూసిన చప్పుడు తగ్గుతుంది.

ఇవి ఎంత పనిచేస్తాయో మీరే పరీక్షించవచ్చు. ఒకరు పైన నిలబడి మోకాలి ఎత్తు నుంచి ఒకే బంతిని ముందు ఉత్త నేల మీద, తరువాత మడిచిన దుప్పటి మీద వదలాలి. ఇంకొకరు కింద నిలబడి వినాలి. సెల్‌ఫోన్లో డెసిబెల్స్ చూపే యాప్‌లు కచ్చితమైన కొలత ఇవ్వకపోయినా, ముందుకూ తరువాతకూ తేడా చూసుకోవడానికి పనికొస్తాయి. సైన్సు ఫెయిర్‌కు ఇది మంచి ప్రాజెక్టు కూడా అవుతుంది.

వేడి సంగతి

శబ్దానికీ వేడికీ ఒకే మందు పనిచేస్తుందని అనుకోవడం పొరపాటు. వేడిని ఆపేది పదార్థంలో బంధించి ఉన్న గాలి. థర్మోకోల్‌లో అలాంటి గాలి నిండుగా ఉంటుంది. ఉష్ణ వాహకత లెక్కల ప్రకారం ఒక అంగుళం థర్మోకోల్ దాదాపు 45 అంగుళాల కాంక్రీటుతో సమానంగా వేడిని అడ్డుకుంటుంది. కానీ అదే అంగుళం థర్మోకోల్ చదరపు మీటరుకు అరకిలో కూడా తూగదు. బరువు లేదు కాబట్టి మాటను ఆపదు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించినా ఇంతే. గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమో గానీ పక్క గదికి పోయే శబ్దం ఆగదు. పైగా అట్టలు, థర్మోకోల్ త్వరగా అంటుకుంటాయి. థర్మోకోల్ పొగ ప్రమాదకరం. పిల్లలు పడుకునే గదిలో వీటిని పైకి కనపడేలా అంటించకూడదు.

పైనా కిందా మనుషులుండే గదుల మధ్య ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు. తేడా లేనిచోట వేడి ప్రవహించదు. అందువల్ల మధ్య స్లాబుకు వేడి కోసం ఖర్చు పెట్టనక్కరలేదు. అసలు వేడి ఎండ తగిలే ఆఖరి స్లాబు నుంచి వస్తుంది. పగలంతా వేడెక్కిన స్లాబు పొద్దు గూకాక కూడా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. పై అంతస్తులో పడుకునేవాళ్ళకు ఇది బాగా తెలుసు.

దీనికి చౌకైన ఉపాయం డాబా మీద తెల్ల సున్నం. తెలుపు ఎండను తిప్పి పంపుతుంది. దుమ్ము పడితే ఫలితం తగ్గుతుంది కనుక ప్రతి వేసవికి ముందు కడిగి మళ్ళీ వేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. డాబా మీద కుండలు బోర్లించి పేర్చడం, తాటాకు పందిరి వేయడం, ఇన్సులేషన్ పలకలు పరచి పైన టైల్స్ వేయడం ఇతర మార్గాలు. ఏది చేసినా స్లాబు పైభాగాన చేయాలి. వేడి కూడా చప్పుడు లాంటిదే, స్లాబులోకి దిగక ముందే ఆపాలి.

చివరిగా

ఇంటర్, డిగ్రీ తరువాత కోచింగుకో, ఉద్యోగానికో పట్నం వెళ్ళి నలుగురు కలిసి పై పోర్షను అద్దెకు తీసుకునే తమ్ముళ్ళకు ఒక మాట. కింద ఉండే ఓనరు నుంచి ముందుగా వచ్చే ఫిర్యాదుల్లో చప్పుడు ఒకటి. శబ్ద కాలుష్య నియమావళి, 2000 ప్రకారం రాత్రి వేళ అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. ఆ వేళల్లో బకెట్లు, కుర్చీలు లాగకుండా, పైన చెప్పిన రబ్బరు ముక్కలు వేసుకుంటే సగం తగాదాలు రావు. కులం అడిగి గది ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట చప్పుడు ఒక సాకు మాత్రమే. దానికి రబ్బరు బుష్‌లు మందు కాదు. నిజమైన చప్పుడు ఏదో, సాకు ఏదో తెలుసుకుంటే ఎక్కడ సర్దుకోవాలో, ఎక్కడ నిలబడి మాట్లాడాలో తెలుస్తుంది.

మనలో చాలామంది అమ్మానాన్నలు స్లాబు పనికి వెళ్ళేవాళ్ళే. కాంక్రీటు తట్టలు మోసిన చేతులే మనల్ని ఈ హాస్టల్‌కు పంపాయి. రేపు మనలో ఒకరు సివిల్ ఇంజనీరు అవుతారు. అప్పుడు హాస్టల్ భవనానికి ప్లాను గీసేటప్పుడు నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ఎనిమిదో భాగంలో శబ్ద నివారణ గురించి ఉన్న విభాగం ఒకసారి తిరగేయండి. స్టడీ హాలు నెత్తిన డార్మిటరీ రాకుండా, పడకల మీద పడకలు, వంటగది పక్కన భోజనశాల వచ్చేలా గీయండి. కాగితం మీద గది మార్చడానికి పైసా ఖర్చు కాదు. అంతవరకు ఈ రాత్రి స్టడీ అవర్ మొదలయ్యేలోగా మీ మంచం కాళ్ళకు ట్యూబు ముక్కలు కట్టండి. కింద చదువుకునే తమ్ముడికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి.